వాన్‌గార్డ్ 500 ఇండెక్స్ ఫండ్ రివ్యూ: జాక్ బోగల్ చాదస్తానికి ఐదు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఈ ఫండ్ కొన్నాక వీకెండ్ పార్టీల్లో చెప్పుకోవడానికి మీ దగ్గర కథలేమీ ఉండవు. "ఫలానా షేరు నలభైకి కొన్నా, రెండొందలకి అమ్మేశా" అనే డైలాగు మీ నోట ఇక రాదు. అది లోటనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, ఏమీ అనుకోను.

సరుకు ఏంటంటే, జాక్ బోగల్ పెట్టిన వాన్‌గార్డ్ అనే అమెరికా కంపెనీ వాళ్ల మ్యూచువల్ ఫండ్, పేరు వాన్‌గార్డ్ 500 ఇండెక్స్ ఫండ్, అందులో అడ్మిరల్ షేర్లు అనే రకం, మార్కెట్లో దాని పొట్టి పేరు (టికర్) వీఎఫ్ఐఏఎక్స్. అమెరికాలోని ఓ ఐదొందల పెద్ద కంపెనీలుండే ఎస్ అండ్ పీ 500 సూచీలో ఉన్న కంపెనీలన్నిటినీ, అందులో దేని వాటా ఎంతో ఆ పాళ్లలోనే కొని పెట్టుకుంటుంది. ఇంకేం చేయదు. ఏ షేరు లేస్తుందో ఏది పడుతుందో ముందే పసిగట్టే మేధావి లోపల ఎవరూ కూర్చుని లేరు, కాబట్టి ఆ మేధావికి మనం పోసే జీతమూ లేదు. కనీసం 3,000 డాలర్లతో మొదలుపెట్టాలి. ఏడాది ఖర్చు 0.04 శాతం, అంటే 10,000 డాలర్లు పెడితే ఏడాదికి వాళ్లు తీసుకునేది 4 డాలర్లు. ఇప్పుడున్న రేట్లకి మంచి కాఫీ కూడా రాదు. అదే ఫండ్ ఈటీఎఫ్ రూపంలో, అంటే మార్కెట్లో షేరులాగా కొని అమ్ముకునే రూపంలో కావాలంటే వీఓఓ ఉంది, దానికి 0.03 శాతం, 3,000 నిబంధన కూడా లేదు. నెలనెలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టుకునేవాళ్లకి మొదటిది సుఖం, వేరే బ్రోకరేజీలో అకౌంట్ ఉన్నవాళ్లకి రెండోది. లోపలున్నది ఒకటే, దీని మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

నా మార్కులు: ఫండ్‌కి ఐదుకి ఐదు, కంపెనీకి నాలుగు.

నాలుగు డాలర్లకే ఎలా ఇస్తారు, ఎక్కడో మెలిక ఉండే ఉంటుంది అని ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతారు. అడగాలి కూడా. మెలిక ఉంది, అది కంపెనీ ఎవరిదన్న దగ్గర ఉంది. మామూలు ఫండ్ కంపెనీకి ఒక యజమాని కుటుంబమో, స్టాక్ మార్కెట్లో షేర్‌హోల్డర్లో ఉంటారు. మన ఫీజు పెరిగితే వాళ్ల లాభం పెరుగుతుంది, మన రాబడి తగ్గుతుంది. వాన్‌గార్డ్‌కి అలాంటి యజమాని లేడు. కంపెనీకి యజమానులు దాని ఫండ్లే, ఆ ఫండ్లు అందులో డబ్బు పెట్టినవాళ్లవి. మన ఊళ్లలో పాల సొసైటీ లాంటి ఏర్పాటు అన్నమాట, పాలు పోసేవాళ్లే సభ్యులు. కాకపోతే ఇక్కడ మిగులు బోనస్‌గా చేతికి రాదు, ఫీజు తగ్గింపుగా వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఒక్క దెబ్బకి 87 ఫండ్ల ఖర్చులు తగ్గించారు. దానధర్మం అనుకోకండి, ఆ డబ్బు తీసుకెళ్లి పంచడానికి వేరే ఎవరూ లేరు మరి.

ఈ ఏర్పాటు జాన్ బోగల్ అనే ఆయన బుర్రలోంచి వచ్చింది. అందరూ జాక్ అనేవాళ్లు. 1929 మేలో న్యూజెర్సీలో పుట్టారు, ఆ ఏడాది చివర్లోనే మార్కెట్ కుప్పకూలింది, ఇంటి ఆస్తి కరిగిపోయింది. స్కాలర్‌షిప్ మీద బోర్డింగ్ స్కూల్, అక్కడే భోజనాల దగ్గర వడ్డించే పని, ఆ తర్వాత ప్రిన్స్‌టన్. 1951లో డిగ్రీ కోసం రాసిన థీసిస్ మ్యూచువల్ ఫండ్ల మీదే. మార్కెట్ సగటుని మించిపోతామని ఫండ్లు చెప్పుకోవడానికి వీల్లేదన్న మాట అందులో అప్పుడే ఉంది. అది చదివే వాల్టర్ మోర్గాన్ అనే పెద్దమనిషి తన వెల్లింగ్టన్ ఫండ్‌లో ఉద్యోగం ఇచ్చారు.

తమాషా ఏంటంటే, అంత రాసిన మనిషి కూడా 1960ల జోరులో కొట్టుకుపోయారు. బోస్టన్‌లో దూకుడు మీదున్న ఒక సంస్థని తెచ్చి వెల్లింగ్టన్‌తో కలిపారు. 1973లో మార్కెట్ పడటం మొదలైంది, వచ్చి చేరినవాళ్లే ఓట్లు కూడగట్టి 1974 జనవరిలో ఆయన్ని పీకేశారు. ఇక్కడ ఆయన వేసిన ఎత్తు నాకు భలే నచ్చుతుంది. మేనేజ్‌మెంట్ కంపెనీ లోంచి తీసేశారు సరే, కానీ ఫండ్లకి వేరే బోర్డు ఉంటుంది, దానికి చైర్మన్ ఇంకా ఈయనే. ఆ బోర్డుని కూర్చోబెట్టి ఒప్పించి, ఫండ్లే యజమానులుగా 1974 సెప్టెంబర్లో కొత్త కంపెనీ పెట్టించారు. 1798 నైలు యుద్ధంలో ఇంగ్లీషు నౌకాదళ సేనాని నెల్సన్ ఎక్కిన ఓడ పేరు, వాన్‌గార్డ్, దానికి పెట్టారు. అయితే అవతలి వర్గం ఊరుకోలేదు, కొత్త కంపెనీ లెక్కలూ కాగితాలూ మాత్రమే చూసుకోవాలి, పెట్టుబడుల జోలికి రాకూడదని మెలిక పెట్టారు. దానికీ ఆయన దగ్గర మందుంది. ఏ షేరూ ఎంచుకోని ఫండ్ పెడితే అది పెట్టుబడుల మేనేజ్‌మెంట్ ఎలా అవుతుంది? సూచీలో ఏముంటే అది కొంటాం, అంతేగా! ఇవాళ లక్షల మంది రిటైర్‌మెంట్ డబ్బుకి ఆధారమైన ఫండ్ పుట్టడంలో ఇలాంటి ప్లీడరు లాజిక్ కొంత ఉంది.

ఆలోచన మొత్తం ఆయనదే అంటే అబద్ధం అవుతుంది. 1971లోనే వెల్స్ ఫార్గో వాళ్లు శామ్సొనైట్ కంపెనీ పెన్షన్ డబ్బుని సూచీ పద్ధతిలో పెట్టారు. 1974లో పాల్ శామ్యూల్సన్, నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త, ఎవరైనా ఇలాంటి ఫండ్ పెట్టండయ్యా అని రాశారు. బోగల్ చేసింది దాన్ని పెద్ద పెన్షన్ ఫండ్ల దగ్గర్నుంచి తెచ్చి మామూలు జీతగాళ్లకి అందుబాటులో పెట్టడం.

1976 ఆగస్టులో దాన్ని జనంలోకి వదిలారు. 150 మిలియన్ డాలర్లు వస్తాయనుకున్నారు, వచ్చింది 11.3 మిలియన్లు. ఆ డబ్బుతో 500 కంపెనీల షేర్లు కొనడానికే కుదరలేదు, సుమారు 280 కంపెనీలతో సర్దుకున్నారు. అమ్మిపెట్టిన బ్రోకర్లు మొహం వేలాడేసి, డబ్బు వెనక్కిచ్చేసి దుకాణం సర్దేద్దామా అన్నారు, ఈయన ససేమిరా అన్నారు. సగటుతో సరిపెట్టుకోవడం అమెరికా తత్వానికే విరుద్ధం అని పోస్టర్లు వేశారు, బోగల్ పిచ్చి అని పేరు పెట్టారు. 1977 ఫిబ్రవరిలో బ్రోకర్ల కమిషన్ కూడా ఎత్తేసి నేరుగా అమ్మడం మొదలుపెట్టారు, అంటే ఉన్న నలుగురు సేల్స్‌మెన్‌ని కూడా పోగొట్టుకున్నారు. అదే ఫండ్ ఇప్పుడు అన్ని రకాల షేర్లూ కలిపి ట్రిలియన్ డాలర్లు దాటింది.

ఫీజులో ఒక్క శాతం తేడాకి ఇంత గొడవ దేనికి అంటారా? లెక్క వేసి చూద్దాం. లక్ష డాలర్లు, 25 ఏళ్లు, ఏటా 7 శాతం వస్తుందని అనుకుందాం (వస్తుందని నేను హామీ ఇవ్వట్లేదు). 0.04 శాతం ఫీజు పోతే చివరికి మిగిలేది దాదాపు 5 లక్షల 37 వేలు. 1 శాతం ఫీజు పోతే 4 లక్షల 29 వేలు. లక్ష డాలర్లకి పైగా తేడా, అంటే మీరు మొదట పెట్టిన అసలంత. మార్కెట్ పడితే నష్టం మీకే, వాళ్ల ఒక శాతం మాత్రం ఆ ఏడాది కూడా వాళ్లకి ముడుతుంది. అందుకే మీ ఆఫీసు 401కే (జీతంలోంచి కట్ అయ్యే రిటైర్‌మెంట్ ఖాతా) లో ఫండ్ల జాబితా తెరిచినప్పుడు గత ఏడాది రాబడి ఉండే కాలమ్ వదిలేసి, ఎక్స్‌పెన్స్ రేషియో, అంటే ఏడాది ఖర్చు శాతం, ఉండే కాలమ్ చూడండి. చాలా ప్లాన్లలో ఒకే పేజీలో 0.03 ఉన్న ఫండూ 0.9 ఉన్న ఫండూ పక్కపక్కనే ఉంటాయి.

డబ్బెక్కువ తీసుకునేవాళ్లు అంత పని కూడా చేస్తారేమో అనుకుంటే, పేరుమోసిన పెట్టుబడిదారు వారెన్ బఫెట్ వేసిన పందెం ఉంది. 2008 నుంచి 2017 దాకా పదేళ్లు, ఒకవైపు వాన్‌గార్డ్ ఎస్ అండ్ పీ ఫండ్, ఇంకోవైపు ఏరికోరి తెచ్చిన హెడ్జ్ ఫండ్ల (డబ్బున్నవాళ్ల సొమ్ముని భారీ ఫీజు మీద నడిపేవి) బుట్టలు ఐదు. సూచీ 125.8 శాతం పెరిగింది, ఆ ఐదింటిలో బాగా చేసినది 87.7 దగ్గర ఆగింది, మిగతావి యాభై కూడా దాటలేదు. అదీ 2008 లాంటి ఏడాదితో మొదలైన పందెం. 2017 మేలో ఒమాహాలో తన కంపెనీ షేర్‌హోల్డర్ల మీటింగ్‌లో అంతమంది ముందు బఫెట్ బోగల్‌ని లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు, బోగల్‌కి అప్పటికి 88 నిండటానికి రెండ్రోజులుంది. 1960 నుంచీ గుండెపోట్లతో వేగిన మనిషి, 1996లో గుండె మార్పిడి చేయించుకున్న మనిషి, ఆ తర్వాత 23 ఏళ్లు బతికి 2019 జనవరిలో పోయారు. ఆస్తి సుమారు 80 మిలియన్లని పత్రికల అంచనా. మనకి అది చాలా ఎక్కువే గానీ, ఇదే వ్యాపారంలో ఉన్న మిగతా యజమానులు బిలియన్లలో ఉన్నారు.

మా బావమరిది ఎప్పుడూ అంటాడు, "ఎన్విడియా కొనుంటే ఈపాటికి ఉద్యోగం మానేసేవాడివి బావా" అని. ఒరే నాయనా, ఆ చిప్‌ల కంపెనీ నా దగ్గర ఉంది, మన ఫండ్‌లో పెద్ద ముక్కల్లో అదొకటి. 2001 నవంబర్ చివర్లో సూచీ లోంచి లెక్కల మోసంతో మునిగిన ఎన్రాన్ కంపెనీని తీసేసినప్పుడు ఆ ఖాళీలో పెట్టింది ఎన్విడియానే. అప్పట్లో దాని పేరు వీడియో గేములు ఆడే పిల్లలకి తప్ప ఎవరికి తెలుసు? మనం ఏమీ చేయలేదు, ఎన్రాన్ పోయింది, ఎన్విడియా వచ్చింది. ఎన్రాన్ మునిగినప్పుడు ఫండుకీ దెబ్బ తగిలిందిలెండి, కాకపోతే ఐదొందల్లో ఒకటిగా తగిలింది. ఉద్యోగమూ, దాచుకున్న డబ్బూ రెండూ అందులోనే పెట్టిన ఎన్రాన్ ఉద్యోగుల సంగతి వేరు. సొంత కంపెనీ ఆర్‌ఎస్‌యూలు (జీతంతో పాటు ఇచ్చే కంపెనీ షేర్లు) అమ్మకుండా పోగేసుకునే మన సాఫ్ట్‌వేర్ జనం ఆ ముక్క ఒకసారి చదువుకుంటే మంచిది.

ఇక లోపాలు. పడినప్పుడు ఇది పూర్తిగా పడుతుంది, కాపాడేవాడు ఎవడూ లేడు. 2008లో 37 శాతం పోయింది. లక్ష ఉన్నవాడికి 63 వేలు కనిపించింది, అదే టైంలో లేఆఫ్‌లు, వీసా టెన్షన్. 2000 నుంచి 2009 చివరిదాకా పదేళ్లు ఓపిక పట్టినవాళ్లకి డివిడెండ్లతో కలిపినా సుమారు 9 శాతం నష్టమే మిగిలింది. పదేళ్లు! "లాంగ్ టర్మ్‌లో అంతా బాగుంటుంది" అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు ఈ పదేళ్ల సంగతి ఎత్తరు. అందుకే మూడు నాలుగేళ్లలో ఇంటి డౌన్‌పేమెంట్‌కి కావాల్సిన డబ్బు ఇందులో పెట్టకండి. ఇంకోటి, 500 కంపెనీలు అంటాం గానీ మొదటి పదింటి వాటానే మూడో వంతు దాటింది, అవీ ఎక్కువగా టెక్ కంపెనీలే. మన జీతం టెక్, మన ఆర్‌ఎస్‌యూ టెక్, చివరికి దాచుకున్నదీ సగం టెక్ అయి కూర్చుంది. ఇది ఇబ్బంది అనుకుంటే ఇదే కంపెనీలో టోటల్ స్టాక్ మార్కెట్ ఫండ్, అంతర్జాతీయ ఫండ్, బాండ్ ఫండ్ ఉన్నాయి, కలుపుకోవచ్చు.

ధరలో కూడా వీళ్లే రాజులు అన్న రోజులు పోయాయి. ఫిడెలిటీ 500 ఇండెక్స్ ఫండ్ ఖర్చు 0.015 శాతం, ష్వాబ్‌ది 0.02. పది వేలకి రెండు మూడు డాలర్ల తేడా కోసం అకౌంట్ మార్చమని చెప్పను, మీ 401కే అక్కడ ఉంటే హాయిగా అక్కడే కొనుక్కోండి. బోగల్ చాదస్తం వల్ల పక్క షాపులో కూడా రేటు పడిపోయింది, మనకి కావాల్సింది అదే కదా.

కంపెనీకి ఒక మార్కు కోసింది మాత్రం వేరే సంగతికి. 2020 చివర్లో టార్గెట్ రిటైర్‌మెంట్ ఫండ్లలో (రిటైరయ్యే ఏడాదిని బట్టి షేర్లూ బాండ్లూ కలిపి పెట్టేవి) సంస్థలకి ఇచ్చే చౌక రకానికి కనీస మొత్తం బాగా తగ్గించారు. పెద్ద పెద్ద కంపెనీల రిటైర్‌మెంట్ ప్లాన్లు పాత ఫండ్ అమ్మేసి అందులోకి దూకాయి. వాళ్లకి డబ్బివ్వడానికి పాత ఫండ్ తన దగ్గరున్నవి అమ్మాల్సి వచ్చింది, ఆ లాభం మీద 2021లో పన్ను బిల్లు వచ్చిందేమో మామూలు ట్యాక్సబుల్ అకౌంట్లో అదే ఫండ్ పెట్టుకున్న చిన్నవాళ్లకి. పెట్టుబడిదారులకి ఈ సంగతి సరిగ్గా చెప్పలేదని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ పట్టుకుంది, 2025 జనవరిలో 106 మిలియన్ డాలర్లకి పైగా కట్టడానికి ఒప్పుకున్నారు. 500 ఇండెక్స్ ఫండ్‌కి దీంతో సంబంధం లేదు. కానీ యజమానులు మీరే అని చెప్పుకునే కంపెనీ ఆ యజమానుల్లో చిన్నవాళ్లనే ఇలా ఇరికించడం నాకు నచ్చలేదు.

బోగల్ కూడా తన కంపెనీ చేసే ప్రతిదానికీ తలూపలేదు. ఈటీఎఫ్‌లంటే ఆయనకి గిట్టదు, రోజంతా కొనీ అమ్మీ ఆడుకోవడానికి జనాలకి బొమ్మ ఇచ్చినట్టే అని ఆయన బాధ. ఈటీఎఫ్ ఆలోచన మొదట పట్టుకొచ్చిన నేథన్ మోస్ట్‌ని అందుకే వెనక్కి పంపించారు. బోగల్ దిగిపోయాక 2001లో వాన్‌గార్డ్ ఈటీఎఫ్‌లు తెచ్చింది, ఇప్పుడు అవే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. పోయే ముందు, 2018లో, ఇండెక్స్ ఫండ్లు నడిపే రెండు మూడు కంపెనీల చేతుల్లోకే అమెరికా కార్పొరేట్ ఓట్లన్నీ పోతే ఏంటి గతి అని కూడా రాశారు. తను పెంచినదాని గురించి తనే అలా రాయడానికి గుండె కావాలి.

ఇప్పుడు మనవాళ్లకి పనికొచ్చే ముక్కలు. బర్త్‌డే పార్టీలో కేకు కట్ చేశాక పక్కకి పిలిచి "అన్నా, ట్యాక్స్ ఫ్రీ రిటైర్‌మెంట్ గురించి ఓ అరగంట మాట్లాడాలి" అనే తమ్ముళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నన్నూ ఒకాయన కూర్చోబెట్టాడు, పేరెందుకులెండి. ఐయూఎల్ అంటే ఇండెక్స్డ్ యూనివర్సల్ లైఫ్ అనే ఇన్సూరెన్స్ పాలసీ, ఎస్ అండ్ పీతో పాటే పెరుగుతుంది, పడితే సున్నాయే గానీ మైనస్ లేదు అన్నాడు. వినడానికి బ్రహ్మాండం. అతను ఐప్యాడ్‌లో చూపించిన కాగితంలో రెండు వరుసలున్నాయి, అంకెలు ఘనంగా ఉన్న వరుస పైన నాన్ గ్యారంటీడ్ అని ఉంది, గ్యారంటీడ్ అని ఉన్న వరుస కొన్నేళ్లు పోయాక సున్నాలయింది. అతని వేలు ఆ రెండో వరుస మీదికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. పెరిగినప్పుడు క్యాప్ ఉంటుంది, అంటే ఇంతకు మించి ఇవ్వం అనే పరిమితి, డివిడెండ్లు సాధారణంగా లెక్కలోకి రావు, ఇన్సూరెన్స్ ఖర్చు వయసుతో పెరుగుతుంది, మధ్యలో వదిలేస్తే సరెండర్ ఛార్జీలు. ఇన్సూరెన్స్ కావాలంటే టర్మ్ తీసుకోండి, మిగిలింది ఇలాంటి ఫండ్‌లో వేసుకోండి. తమ్ముడు ఏమనుకుంటాడో అని మొహమాటపడితే పాతికేళ్లు కడుతూనే ఉంటారు.

అమెరికాలో పన్ను కట్టేవాళ్లు ఇండియా మ్యూచువల్ ఫండ్లు కొంటే ఇక్కడి చట్టంలో అవి పీఎఫ్ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీ) కిందికి వస్తాయి, 8621 ఫారమ్, దాని లెక్కలు, సీపీఏ (పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్) ఫీజు కలిపి వచ్చిన లాభం తినేస్తాయి. ఇక్కడున్నంతకాలం ఇక్కడి ఫండే మేలు. అలాగే సిటిజన్‌షిప్ తీసుకోకుండా ఇండియా వెళ్లిపోయి స్థిరపడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, అమెరికాలో ఉన్న మీ ఆస్తి, ఈ ఫండ్‌తో సహా, 60,000 డాలర్లు దాటితే మీ తదనంతరం ఎస్టేట్ ట్యాక్స్ 40 శాతం దాకా పడొచ్చు, భారత్‌తో ఆ విషయంలో ఒప్పందం లేదు. ముందే ఒక మంచి సీపీఏని అడగండి.

హైదరాబాద్‌లో వాన్‌గార్డ్ ఆఫీసు పెట్టిందట కదా, అక్కడ ఈ ఫండ్ కొనొచ్చా అని ఇంటి నుంచి ఫోన్లు. అది టెక్నాలజీ ఉద్యోగాల సెంటర్, నాలుగేళ్లలో 2,300 మందిని తీసుకుంటామని 2025లో ప్రకటించారు, అక్కడ ఫండ్లు అమ్మరు. అక్కడివాళ్లకి కావాల్సిన సరుకు అక్కడే ఉంది, నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్లు చాలా కంపెనీలు నడుపుతున్నాయి, యూటీఐ వాళ్లది 2000 నుంచే ఉంది. మధ్యలో ఏజెంటు లేకుండా కొనే డైరెక్ట్ ప్లాన్‌లో ఖర్చు 0.2 శాతం అటూఇటూ ఉంటుంది, ఇక్కడి రేటుకి ఇంకా రాలేదు గానీ ఫర్వాలేదు. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి, అయినా మన పెద్దవాళ్ల చేతిలో ఉన్నవి ఎక్కువ ఏజెంటు ద్వారా కొన్న రెగ్యులర్ ప్లాన్లే. ఈసారి ఇంటికెళ్లినప్పుడు నాన్నగారి ఫండ్ స్టేట్‌మెంట్ తీసి చూడండి, అడ్వైజర్ అన్నచోట డైరెక్ట్ అని కాకుండా ఏఆర్ఎన్ అంటూ ఓ ఏజెంటు నంబరు కనిపిస్తే, ఏటా కొంత కమిషన్ ఎవరికో వెళ్తున్నట్టే.